ప్యాకెట్ ముందువైపు మేం చదవగలిగే గుర్తు పెట్టండి

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు, ప్యాకెట్ ముందువైపు లేబుల్ మీద సలహాలిస్తున్న నిపుణులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను ఒడిశాలో, గంజాం జిల్లా బరంపురంలో మందుల షాపు నడుపుతున్నాను. మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు, స్కూలు యూనిఫాంలు కుడుతుంది. మా ఊళ్లో మనుషుల ఒళ్లు ఎలా మారుతున్నాయో నాకు మందుల చీటీల్లో కనిపిస్తుంది, ఆమెకు కొలతల పుస్తకంలో కనిపిస్తుంది. ఇదివరకు యాభై దాటినవాళ్లు అడిగే షుగర్ మాత్రలు ఇప్పుడు ముప్పై అయిదేళ్ల వాళ్లు అడుగుతున్నారు. అయిదో తరగతి పిల్లాడి నిక్కరుకు నడుము దగ్గర ఏడో తరగతి కొలత పెట్టి, పొడవు మాత్రం తగ్గించాల్సి వస్తోందని మా ఆవిడ అంటుంది. ఈ పని చేసే ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

మా ఊరికి తెలుగు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్లం. సరిహద్దు గీశాక ఇటువైపు ఉండిపోయిన తెలుగు కుటుంబాలు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బడిలో ఒడియా గానీ ఇంగ్లీషు గానీ. మా పెద్దవాళ్లలో ఎంతోమందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఒడియా అక్షరాలు కొందరు కూడబలుక్కుని చదువుతారు. పర్లాకిమిడి, గుణుపురం వైపు వెళితే సవర మాట్లాడేవాళ్లు కూడా నాలాంటి షాపులకు వస్తారు. మీకు రాస్తున్న ఉత్తరంలో ఈ సంగతి ఎందుకంటే, ప్యాకెట్ ముందువైపు చదువు రానివాళ్లకు కూడా తెలిసే హెచ్చరిక గుర్తు పెట్టమన్న నా అభ్యర్థన అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఆ మధ్య మా వీధిలో ఒక సంస్థ ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టింది. బరువు చూశారు, నడుము కొలిచారు, వేలికి సూది గుచ్చి షుగర్ చూశారు. మంచి పనే. తర్వాత మైకు పట్టుకున్న పెద్దమనిషి ముందు వరసలో కూర్చున్న ఒక అక్కను చూపించి, “ఇదంతా మీ చేతుల్లోనే ఉందమ్మా, నోరు కట్టుకుంటే చాలు” అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ అక్క టిఫిన్ బండి నడుపుతుంది. చీకటి ఉండగానే లేచి, పిండి సర్దుకుని, మధ్యాహ్నం దాకా నిలబడే ఉంటుంది. ఆమెను బద్ధకస్తురాలు అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. ఆ తర్వాత ఆమె నా షాపులో బీపీ చూపించుకోవడం మానేసింది. మాత్రలు కూతురి చేత తెప్పించుకుంటోంది. మళ్లీ బరువు మిషన్ ఎక్కాలంటే అమ్మకు సిగ్గుగా ఉందని ఆ పిల్ల చెప్పింది.

నలుగురిలో చిన్నబుచ్చితే మనిషి బరువు తగ్గడు. డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గిస్తాడు. కౌంటరు ఇవతల నుంచి నేను దీన్ని చాలాసార్లు చూశాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

మనిషికి బాధ్యత లేదని నేను అనడం లేదు. ఏం తినాలో, ఎంత తినాలో చివరికి తేల్చుకునేది మనిషే. కానీ పట్టుదల లేకపోవడం వల్లే ఒళ్లు పెరుగుతోందని చెప్పేవాళ్లు ఒక లెక్కకు జవాబు చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశా ఆడవాళ్లలో 16.5 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. 2019-21 సర్వే నాటికి అది 23 శాతం అయింది. మగవాళ్లలో 17.2 నుంచి 22.2కి చేరింది. సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వైపు వెళితే, ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో ఈ లెక్క 36.3 శాతం. నాలుగైదేళ్లలో ఒక రాష్ట్రం రాష్ట్రమంతా నోటి మీద అదుపు పోగొట్టుకుందా? మా అమ్మమ్మల కాలంలో అందరికీ ఉన్న నిగ్రహం మా అక్కచెల్లెళ్ల దగ్గరికి వచ్చేసరికి మాయమైందా? వంశంలో వచ్చే గుణాలు మారడానికి కూడా అయిదేళ్లు చాలవు. మారినవి చుట్టూ ఉన్న తిండి, చేసే పని, నడిచే దారి.

శరీరం సంగతి కూడా కొంచెం చెప్పాలి. బరువు పెరిగే స్వభావంలో వంశపారంపర్యానికి పెద్ద వాటా ఉందని కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఒకసారి పెరిగిన బరువును ఒళ్లు తేలిగ్గా వదులుకోదు. తగ్గించబోతే ఆకలి పెంచుతుంది, తాను ఖర్చుపెట్టే శక్తిని తగ్గించుకుంటుంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గినవాళ్లను ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పోయిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చేసింది, కానీ విశ్రాంతిలో ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి మాత్రం ఆ ఒంటికి ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువగానే ఉండిపోయింది. ఆ పోటీలో నెలల తరబడి చెమటోడ్చినవాళ్లకు పట్టుదల లేదని ఎవరనగలరు? అందుకే పెద్దవాళ్లను తిట్టడం కన్నా, పిల్లలకు ఆ బరువు రాకుండా చూడటం మీదే మనం ఎక్కువ శక్తి పెట్టాలని నా అభిప్రాయం.

మన వాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పైకి సన్నగా కనిపించినా లోపల, ముఖ్యంగా పొట్ట చుట్టూ, కొవ్వు ఎక్కువ. పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన మన పసిపిల్లల్లో కూడా ఈ తీరు ఉందని చూపించింది. అందుకే మన డాక్టర్లు బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తును బట్టి బరువు లెక్క) 23 దగ్గరే అధిక బరువు అంటారు, 25 దగ్గర ఊబకాయం అంటారు. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. శిబిరాల్లో పెట్టే పోస్టర్ల మీద మాత్రం ఎప్పుడూ భారీ పొట్ట బొమ్మే ఉంటుంది. దాన్ని చూసి “నేను అలా లేనుగా” అనుకుని వెళ్లిపోయే సన్నపాటి మనిషికి షుగర్ ఉన్నట్టు తెలిసేసరికి కాలు మీద పుండు పడి ఉంటుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షలు, దాని అంచున ఉన్నవాళ్లు 13 కోట్ల 60 లక్షలు.

ఇక తిండి సంగతికి వస్తాను.

గిరి రోడ్డులోనో బడా బజార్లోనో ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా మొదట కనిపించేవి తోరణాల్లా వేలాడే అయిదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్లు. చికిటి, పాత్రపురం వైపు పల్లెల్లోకి వెళ్లినా అవే తోరణాలు. పాలు దొరకని ఊళ్లో కూడా అవి దొరుకుతాయి. కూలికి వెళ్లే తల్లి బిడ్డ ఏడుపు ఆపడానికి చేతిలో పెట్టగలిగే వాటిలో అన్నిటికన్నా చౌక అదే. అరటిపండు ధర రోజుకోలా ఉంటుంది, ఎండకు మగ్గిపోతుంది. ప్యాకెట్ ధర మారదు, నెలల తరబడి పాడవదు, పిల్లాడు వద్దనడు. అయిదు రూపాయలు పెట్టి ఆ తల్లి చేసుకున్న ఎంపికను నేను తప్పుపట్టలేను. ఆమె ముందు వేరే ఎంపిక ఎవరు పెట్టారు?

ఫ్యాక్టరీలో ఎక్కువగా మార్చి తయారుచేసిన తిండి మనిషి చేత ఎక్కువ తినిపిస్తుందా అన్నదాన్ని 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం సూటిగా పరీక్షించింది. 20 మందిని తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు అలాంటి తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. రెండిట్లోనూ వడ్డించిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానం. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి తిన్న రెండు వారాల్లో అదే మనుషులు రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, ఒక్కొక్కరు సుమారు 0.9 కిలోలు పెరిగారు. మామూలు వంట తిన్న రెండు వారాల్లో అంతే తగ్గారు. మనుషులు వాళ్లే, నిగ్రహం అదే, మారింది పళ్లెం ఒక్కటే. నోరు కట్టుకోమనే ప్రతి పెద్దమనిషికీ ఈ పరీక్ష గురించి చెప్పాలనిపిస్తుంది నాకు.

ఈ తిండి మన దేశంలో ఎంత వేగంగా పెరిగిందో ప్రభుత్వమే చెప్పింది. 2024-25 ఆర్థిక సర్వే ప్రకారం దీని అమ్మకాలు 2006లో సుమారు 90 కోట్ల డాలర్లు, 2019లో 3,790 కోట్ల డాలర్లు. అదే సర్వే వీటి మీద పన్ను పెంచే ఆలోచన కూడా చెప్పింది. 2025 ఫిబ్రవరిలో ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి ఊబకాయం గురించి మాట్లాడి, వంటనూనె 10 శాతం తగ్గించుకోమని ప్రతి ఇంటినీ అడిగారు. మా ఇంట్లో ఆ మాట విన్నాం, తగ్గించాం కూడా. కానీ అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి నామ్‌కీన్, ఇన్‌స్టంట్ నూడుల్స్, చాక్లెట్ల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. కూల్‌డ్రింకుల మీద 40 శాతం వేశారు, అది సంతోషమే. పన్ను మీ చేతిలో లేదని నాకు తెలుసు, అందుకే దాని గురించి ఇంతకన్నా రాయను. మీ చేతిలో ఉన్నది లేబుల్.

నా షాపుకు వచ్చే ఒక అమ్మమ్మ మనవడి కోసం కొన్న ప్యాకెట్ పట్టుకొచ్చి, “ఇందులో పంచదార ఎంతుంది నాయనా, డాక్టరు చూసుకోమన్నారు” అని అడిగింది. వెనక్కి తిప్పాను. అతుకు దగ్గర, మెరిసే కాగితం మీద, చీమ తలంత అక్షరాలు. నా కళ్లద్దాలతో కూడా వెలుతురులోకి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. 100 గ్రాములకు ఇంత అని ఉంది, కానీ ప్యాకెట్ 100 గ్రాములది కాదు. పక్కనే ఒక సర్వింగ్‌కు, అంటే కంపెనీ లెక్కలో ఒకసారి తినే వాటాకు, ఇంత శాతం అని ఇంకో వరస. పిల్లాడు తినేది సర్వింగ్ కాదు, ప్యాకెట్. లెక్క కట్టి చెప్పడానికి నాకు కాగితం, పెన్ను కావాల్సి వచ్చాయి. నేను ఫార్మసీ చదివాను. ఆమె రెండో తరగతితో బడి మానేసింది.

మీ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు. ఇంకో భాష కూడా వేసుకోవచ్చు, కానీ అది కంపెనీ ఇష్టం. అంటే బరంపురంలో తెలుగు చదివే మనిషికైనా, ఒడియా చదివే మనిషికైనా, ఏదీ చదవని మనిషికైనా ఆ వెనక పట్టిక ఉన్నా లేనట్టే. 2024 జులైలో మీరు మొత్తం చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు అంకెలను పెద్ద అక్షరాల్లో, ముదురుగా వేయించాలని ప్రతిపాదించారు. ఇంగ్లీషు రానివాళ్లకు ముదురు ఇంగ్లీషు కూడా రాదు. ఆ అమ్మమ్మ బాధ్యత లేని మనిషి కాదు. డాక్టరు చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, ఎండలో నా షాపు దాకా నడిచి వచ్చింది. ఆమె చేయగలిగినదంతా చేసింది. అక్కడి నుంచి మీ వంతు.

పేర్లు ఎంత పని చేస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. విరేచనాలైనప్పుడు తాగించే ఓఆర్‌ఎస్ ద్రావణం కథ మందుల షాపుల వాళ్లందరికీ తెలిసిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉండాలి. అందుకు ఎన్నో రెట్లు పంచదార ఉన్న తీపి పానీయాలు పేరులో ఆ మూడు అక్షరాలు పెట్టుకుని ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. విరేచనాలైన పిల్లలకు తల్లులు అవే పట్టించారు. హైదరాబాదులో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో అసలు సూత్రానికి సరిపోని ఏ పానీయమూ ఆ పేరు వాడకూడదని మీరే ఆదేశించారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అంతకుముందు ఏడాది, 2024 ఏప్రిల్‌లో, పాలల్లో కలిపే తీపి పొడుల్ని ‘హెల్త్ డ్రింక్’ పేరు కింద అమ్మొద్దని ఆన్‌లైన్ దుకాణాలకు కేంద్రం చెప్పింది. ఈ రెండు సందర్భాల్లోనూ తల్లుల్ని ఎవరూ తిట్టలేదు, ప్యాకెట్‌ను సరిదిద్దారు. నేను అడుగుతున్నదీ అదే.

గుర్తు ఎలా ఉండాలన్నదానికి మీ దగ్గరే మంచి నమూనా ఉంది. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం. మా ఊళ్లో చదువు రాని ముసలమ్మ కూడా వ్రతం రోజున బిస్కెట్ ప్యాకెట్ చేతిలోకి తీసుకుంటే ముందు ఆ చుక్క కోసమే చూస్తుంది. ఎవరూ క్లాసులు పెట్టి నేర్పలేదు. ముందువైపు ఉంది, రంగులో ఉంది, భాష అక్కర్లేదు, దేశమంతా ఒకటే. సిగరెట్ పెట్టె మీద 2016 నుంచి 85 శాతం మేర బొమ్మ హెచ్చరిక ఉంటోంది. పంచదార, ఉప్పు, కొవ్వు హద్దు దాటిన ప్యాకెట్ మీద కూడా అలాంటి గుర్తు ఒకటి ముందువైపే పెట్టడానికి అడ్డం ఏమిటి?

2022లో మీరు తెచ్చిన ముసాయిదాలో హెచ్చరిక లేదు, నక్షత్రాలు ఉన్నాయి. అర నక్షత్రం నుంచి అయిదు దాకా. దానిమీద నా అభ్యంతరం గట్టిది. మన దగ్గర నక్షత్రం అంటే మెచ్చుకోలు. బళ్లో టీచరు బాగా రాసిన పిల్లల చేతి మీద పెట్టేది నక్షత్రం. ఒకటిన్నర నక్షత్రాలున్న ప్యాకెట్ చూసి మా వాళ్లెవరూ ప్రమాదం అనుకోరు, “ఎంతో కొంత మంచిదే” అనుకుంటారు. పైగా ఆ పద్ధతిలో పీచు, పప్పులు, పళ్ల వాటాకు మార్కులు కలిపి, చక్కెర, ఉప్పులకు తీసేసిన మార్కుల్ని పూడుస్తారు. కాసిని ఓట్స్ కలిపితే పంచదార మరుగున పడిపోతుంది. షుగర్ రోగికి కావాల్సింది సగటు మార్కు కాదు. ఇందులో పంచదార ఎక్కువా కాదా, అంతే.

చిలీ దేశం 2016లో నల్లటి ఎనిమిది మూలల గుర్తులు పెట్టింది. చక్కెర ఎక్కువైతే ఒకటి, ఉప్పు ఎక్కువైతే ఇంకొకటి, అలా. ఆ గుర్తులున్నవాటిని బడుల్లో అమ్మనివ్వలేదు, పిల్లలకు ప్రకటనలు వేయనివ్వలేదు. మొదటి ఏడాదిన్నరలో తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అక్కడి జనానికి రాత్రికి రాత్రి పట్టుదల పుట్టుకురాలేదు. చేతిలో ఉన్నదేమిటో కనిపించింది, చాలామంది వాళ్లంతట వాళ్లే పక్కన పెట్టారు. మనిషి బాధ్యత మీద నాకు నమ్మకం ఉందని చెప్పింది ఇందుకే. కనిపిస్తే జనం వాడుకుంటారు.

2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ ముందువైపు లేబుల్ విషయం తేల్చడానికి మీ కమిటీకి మూడు నెలలు గడువిచ్చింది. తర్వాత గడువు పెరిగింది. ఆ లోపల నా ఎదుటి కొట్టులో తోరణాలు ఎన్నిసార్లు ఖాళీ అయ్యాయో, ఎన్నిసార్లు నిండాయో.

బడుల సంగతి కూడా మీకు సంబంధించిందే. 2020లో మీరు చేసిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి గేటుకు 50 మీటర్లలోపు అమ్మకూడదు, ప్రకటనలు పెట్టకూడదు. చాలా మంచి నిబంధన. కానీ హద్దు దాటిన తిండి ఏదో ప్యాకెట్ చూసి ఎవరూ చెప్పలేకపోతే దాన్ని ఎలా అమలు చేస్తారు? బడి ఎదుట కొట్టు పెట్టుకున్న మావయ్యకు ఏది అమ్మొచ్చో ఏది కూడదో ఎవరు చెబుతారు? హెడ్‌మాస్టరు ఏ ధైర్యంతో వెళ్లి అడుగుతారు? ముందువైపు నల్ల గుర్తు ఉంటే ఈ గుర్తున్నవి ఇక్కడ వద్దని రెండో తరగతి పిల్ల కూడా చూపించగలదు. ఆ నిబంధనకు ప్రాణం రావాలంటే ముందు లేబుల్ రావాలి. అలా అని బడి గేటు ముందు చోడి (రాగి) లడ్డో, పల్లీ పట్టీయో, జామకాయలో అమ్ముకునేవాళ్లను తరిమేయమని కాదు. మా ఊళ్లో తోపుడు బండి మీద బతికే కుటుంబాలు ఎన్నో. వాళ్ల పొట్ట కొట్టి పిల్లల పొట్ట తగ్గించమని నేనెప్పుడూ అడగను.

ఇక మా వంతు. దీన్ని దాటేసి మీ మీదే అంతా మోపితే అది న్యాయం కాదు. మా తెలుగు పెళ్లిళ్లలో విస్తరిలో పెట్టే నూనె వంటలు, తీపి పదార్థాలు ఏటేటా పెరుగుతున్నాయి. తినకపోతే వడ్డించేవాళ్లు చిన్నబుచ్చుకుంటారని కడుపు నిండాక కూడా తింటాం. సాయంత్రం అయితే పకోడీ, బజ్జీ, గుప్‌చుప్ (పానీపూరీ). నీతి ఆయోగ్ 2024 నివేదిక ప్రకారం దేశంలో తలకు ఏడాదికి 19.7 కిలోల వంటనూనె వాడుతున్నాం. అంటే రోజుకు 50 గ్రాములు దాటింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది 20 నుంచి 30 గ్రాములు. దీనికి కంపెనీల్ని ఒక్కళ్లనే అనలేం. మా తెలుగు సంఘాల పెద్దలతో మాట్లాడాను. వచ్చే పెళ్లిళ్ల సీజన్‌లో విస్తరిలో తీపి ఒకటే, వేపుడు ఒకటే అని అనుకుంటున్నాం. నాయనమ్మలు పొద్దున్నే తాగిన చోడి అంబలి మళ్లీ ఇళ్లల్లోకి రావాలి. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో చోడి సాగుకు మళ్లీ విలువ వచ్చింది. పండేది మా పక్క జిల్లాల్లోనే. తినాల్సింది మేమే.

నడక గురించి మాత్రం మా ఆవిడ మాట రాయకుండా ఉండలేను. “నడవమంటారు సరే, ఎక్కడ? పొద్దున వంట, బడికి పంపడం, మిషన్ పని. సాయంత్రం చీకటి పడ్డాక రోడ్డు పక్కన బళ్ల మధ్య నడవనా?” అంటుంది. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఆడవాళ్లలో 57 శాతం మందికి, మగవాళ్లలో 42 శాతం మందికి చాలినంత కదలిక లేదు. ఆ తేడా ఆడవాళ్ల బద్ధకం వల్ల వచ్చిందంటే నేను ఒప్పుకోను. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్లో ఎన్ని చెట్లు పడిపోయాయో చూసినవాళ్లకు తెలుసు. మా ఎండలో, మా ఉక్కలో నీడ లేకుండా నడక కుదరదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల వెయిట్‌లిఫ్టింగులో బంగారు పతకం తెచ్చిన కె. రవికుమార్ మా బరంపురం బిడ్డే. ఈ ఊరివాళ్లకు ఒళ్లు వంచడం చేతకాదని ఎవరూ అనలేరు. చోటు, వేళ దొరకాలి. ఆ మాట మీకు కాదు, మా ఊరి పెద్దలకు విడిగా రాస్తున్నాను.

మీకు నేను పెట్టుకునే విన్నపం ఇది. నక్షత్రాల ఆలోచన వదిలేయండి. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు ఎక్కువైన ప్రతి ప్యాకెట్ మీద, అయిదు రూపాయల చిన్న ప్యాకెట్‌తో సహా, ముందువైపు భాష అక్కర్లేని హెచ్చరిక గుర్తు తప్పనిసరి చేయండి. చిన్న ప్యాకెట్లకు చోటు చాలదని మినహాయింపు ఇవ్వకండి. మా పిల్లలు తినేవి అవే. హద్దులు ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన పోషకాహార సంస్థ చెప్పినవి తీసుకోండి, కంపెనీలకు వీలైనవి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ 25 గ్రాములు మించకపోతే మంచిదన్న పంచదార మామూలు 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఒక్కదాంట్లోనే అయిపోతోంది. దాని మీద ఏ గుర్తూ పడకుండా తప్పించుకునే హద్దు పెడితే అది హద్దు కాదు.

ఆఖరుగా ఒకటి. గుర్తు ఖాయం చేసే ముందు దాన్ని ఇంగ్లీషు, హిందీ చదవలేని మనుషుల చేతిలో పెట్టి చూడండి. బరంపురం రండి, పర్లాకిమిడి, గుణుపురం వెళ్లండి. తెలుగు మాట్లాడే అమ్మమ్మను, ఒడియా మాట్లాడే కూలీని, సవర తల్లిని కూర్చోబెట్టి రెండు ప్యాకెట్లు చూపించి, బిడ్డకు ఏది పెడతావని అడగండి. వాళ్లు ఏమన్నారో బయటపెట్టండి. మనుషుల్ని పోగుచేయడం, కూర్చోవడానికి చోటు చూడటం, భాష చెప్పడం మా తెలుగు సంఘాల వాళ్లం చూసుకుంటాం. ఆ నాలుగు రోజులు షాపు మూసి నేను మీ వెంట తిరుగుతాను. ఈ ఉత్తరం ఒడియా, ఇంగ్లీషు ప్రతులు కూడా మీకు పంపుతున్నాను. ఎప్పుడు వస్తారో ముందుగా ఒక్క మాట చెప్పండి, ఆ టిఫిన్ బండి అక్కను కూడా పిలవాలి.

ఇట్లు,
బరంపురంలో మందుల షాపు నడిపే ఒక తెలుగువాడు